జలాశయం మధ్య గుట్టకు కరెంటు: నీళ్ళ కింద కేబుల్ వేసిన ఒక కేసు

నేను కర్నూలులో ఉండి పర్యావరణ ప్రభావ అధ్యయనాలు చేస్తాను. ఈ కేసు రాయలసీమలోని ఒక జలాశయానిది. జలాశయం పేరు, మండలం, పని చేయించిన సంస్థ పేరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. దీవులకు సముద్రం కింద కేబుల్ వేసే పనుల గురించి ప్రపంచమంతా ఎన్నో నివేదికలు ఉన్నాయి. మన దగ్గర జలాశయాల్లో అదే పని చిన్న స్థాయిలో మొదలవుతోంది. అక్కడి అనుభవంలో ఇక్కడ ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు అన్నది ఈ పని చేసేవాళ్ళకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

డ్యాం కట్టినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళు మునిగిపోయి, ఒక గుట్ట మాత్రం నీళ్ళ మధ్య మిగిలింది. దాని మీద పాత శివాలయం ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే ఉండి చేపలు పట్టుకునే కుటుంబాలు ఉన్నాయి. పట్టిన చేప పాడవకుండా ఒక చిన్న ఐస్ ప్లాంట్ పెట్టుకున్నారు. అది డీజిల్ జనరేటర్ మీద నడిచేది. డీజిల్ డ్రమ్ములు పుట్టిలోనే తెచ్చేవాళ్ళు. గాలి లేస్తే కొంత నీళ్ళపాలయ్యేది. ఒడ్డున జనరేటర్ చుట్టూ నేల నల్లగా, జిడ్డుగా ఉండేది. "ఏమీ చేయకుండా వదిలేస్తే ఏమవుతుంది" అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది కాబట్టి అంచనాలో మొదటి వరుసగా దాన్నే రాశాం. ఏ ప్రాజెక్టునైనా శూన్యంతో పోల్చకూడదు, ఇప్పుడు జరుగుతున్న నష్టంతో పోల్చాలి.

చట్టప్రకారం ఈ పనికి పర్యావరణ అనుమతి అక్కర్లేదు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ షెడ్యూల్‌లో విద్యుత్ లైన్లు లేవు. అడవి భూమి గుండా పోతే అటవీ అనుమతి, సముద్ర తీరం అయితే సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) అనుమతి కావాలి. ఇక్కడ ఆ రెండూ వర్తించలేదు. అదే జలాశయంలో కొంత కింద తాగునీటి పథకానికి నీళ్ళు తోడే ఇన్‌టేక్ బావి ఉంది. ఆ పథకం అధికారులు "పని జరిగేటప్పుడు మా నీళ్ళు బురదైతే ఎవరిది బాధ్యత?" అని రాతపూర్వకంగా అడిగారు. ఆ ఒక్క ఉత్తరం వల్లే అధ్యయనం జరిగింది.

మూడు దారులు చూశాం. మొదటిది, ఒడ్డున ఒకటి, గుట్ట మీద ఒకటి ఎత్తైన టవర్లు వేసి పైనుంచి తీగలు లాగడం. దాన్ని త్వరగానే పక్కన పెట్టాం. సాయంత్రమయ్యేసరికి ఒడ్డు పొలాల్లో మేసిన కొంగలు, నీటికాకులు గుట్ట మీది చెట్లకు చేరతాయి. తీగలు సరిగ్గా ఆ దారికి అడ్డంగా పడతాయి. బరువైన పెద్ద పక్షులు ఎగురుతూ కింద నేలను వెతుక్కుంటాయి, ఎదురుగా ఉన్న సన్నని తీగ వాటికి సమయానికి కనబడదు, కనబడినా చటుక్కున పక్కకు తిరగలేవు. బట్టమేక పిట్టకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) దేశమంతటా పెద్ద ప్రమాదం తీగలదే. రాజస్థాన్, గుజరాత్‌లలో ఆ పక్షి తిరిగే చోట్ల తీగలు భూమిలోకి దించాలని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో చెప్పింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి, నిపుణుల కమిటీకి అప్పగించింది. ఆ పిట్ట కోసం 1988లో రోళ్ళపాడులో అభయారణ్యం పెట్టుకున్న ప్రాంతం మనది. మళ్ళీ నీటి పక్షుల దారిలో తీగలు కట్టమని నేను రాయలేను.

రెండోది, గుట్ట మీదే సౌర ఫలకాలు, బ్యాటరీలు. ఇళ్ళకు, గుడికి అది చక్కగా సరిపోతుంది. ఐస్ ప్లాంట్ కంప్రెసర్ రాత్రంతా తిరగాలి. ఆ భారానికి సరిపడా బ్యాటరీల గది గుట్ట మీద కట్టాలంటే కొంత చెట్లు కొట్టాలి, పదేళ్ళు కాకముందే పాత బ్యాటరీలను మళ్ళీ పుట్టిలో బయటకు తేవాలి. దీన్ని పూర్తిగా కొట్టేయలేదు. ఇళ్ళ భారం సౌరానికి, ఐస్ ప్లాంట్ భారం కేబుల్‌కు అని విడగొట్టాం. దానివల్ల కేబుల్ సైజు తగ్గింది. ఆ తగ్గుదల తర్వాత ఎంత అక్కరకొచ్చిందో ముందు ముందు చెప్తాను.

మూడోది నీళ్ళ కింద 11 కేవీ (కిలోవోల్టుల) కేబుల్. సంస్థ ఇంజనీరు మొదటి మీటింగ్‌లోనే "నీళ్ళ కింద పోతుంది, కంటికే కనబడదు. దానికి ఇంపాక్ట్ ఏముంటుంది సార్?" అన్నారు. దూరం కిలోమీటరు కన్నా కొంచెం ఎక్కువ. ఆయన దగ్గర అప్పటికే మ్యాప్ మీద తిన్నగా గీసిన గీత ఉంది.

అసలు సమస్య

ఇంజనీరుకు అంత ధీమా ఉంటే, చేపలు పట్టేవాళ్ళకు అంతే భయం. నీళ్ళలో కరెంటు వేస్తే చేపంతా చచ్చిపోతుందని, పుట్టి నుంచి నీళ్ళలోకి దిగితే షాక్ కొడుతుందని వాళ్ళ మాట. తెలియక భయపడుతున్నారని కొట్టిపారేయడం సులువు. కాస్త కూర్చుని మాట్లాడితే భయం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసింది. కాలువల్లో, మడుగుల్లో దొంగచాటుగా కరెంటు తీగ పెట్టి చేపలు పట్టేవాళ్ళను వాళ్ళు కళ్ళారా చూశారు. తెల్లారేసరికి చిన్నాపెద్దా చేపలన్నీ తెల్ల పొట్టలు పైకి పెట్టి తేలడం చూశారు. కళ్ళతో చూసినదాన్ని సర్క్యులర్‌తో పోగొట్టలేం. అందుకని ప్రశ్నను రెండుగా విడదీశాం: కేబుల్ బాగున్నప్పుడు ఏమవుతుంది, తెగినప్పుడు ఏమవుతుంది.

బాగున్నప్పుడు విద్యుత్ క్షేత్రం కేబుల్ లోపలి లోహపు తొడుగు దాటి బయటకు రాదు. అయస్కాంత క్షేత్రం మాత్రం వస్తుంది. అది ఎంత కరెంటు పారుతుందన్న దాని మీద, అంటే ఆంపియర్ల మీద ఆధారపడుతుంది, దూరం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. మూడు ఫేజుల తీగలూ ఒకే కేబుల్‌లో మెలి తిరిగి ఉంటే ఒకదాని క్షేత్రాన్ని మరొకటి చాలావరకు రద్దు చేస్తుంది. మా కేబుల్‌లో ప్రవహించేది కొన్ని పదుల ఆంపియర్లే కాబట్టి మీటరు దూరంలో ఒక మైక్రోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) కూడా ఉండదు. భూమి అయస్కాంత క్షేత్రం మన ప్రాంతంలో దాదాపు 40 మైక్రోటెస్లా. ఈ పోలికను సభలో చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అది సరికాదు. భూమి క్షేత్రం స్థిరంగా ఉంటుంది, కేబుల్‌ది సెకనుకు 100 సార్లు దిశ మారుస్తుంది. జీవులు ఆ రెంటినీ ఒకేలా గ్రహించవు.

పైగా మన నీళ్ళలోనూ విద్యుత్‌ను పసిగట్టే చేపలు ఉన్నాయి. సముద్రంలో సొరచేపలు, టేకి చేపల సంగతి అందరూ రాస్తారు. జెల్ల, వాలుగ లాంటి మీసాల చేపలకు కూడా చర్మంలో ఆ గ్రాహకాలు ఉంటాయి. బురద నీళ్ళలో ఎరను వెతుక్కోవడానికి అవి పనికొస్తాయి. ఈ విషయం వినగానే ఒక పెద్దాయన "అందుకేనా సార్, మబ్బు నీళ్ళలో కూడా వాలుగ గురి తప్పదు" అన్నాడు. ఆ తర్వాత మాటలు సాఫీగా సాగాయి.

ఇలాంటి ప్రశ్నకు దగ్గరి ఉదాహరణ స్వీడన్‌లో దొరికింది. అక్కడ ఓలాండ్ దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య 130 కేవీ ఏసీ (మన ఇళ్ళలోలా దిశ మారుతూ ఉండే కరెంటు) కేబుల్ ఉంది. వలస పోయే ఈల్ చేపలకు ట్యాగులు కట్టి గమనించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. కేబుల్ దగ్గర ఈల్ చేపల వేగం తగ్గింది. ఆగిపోలేదు, వెనక్కి తిరగలేదు. మాది అంతకన్నా చాలా చిన్న కేబుల్. చేపలు చావవు, దాటడం ఆగదు, కొద్దిగా తడబడవచ్చు అని రాశాం. "ప్రభావం శూన్యం" అని రాయమని ఒత్తిడి వచ్చింది. రాయలేదు.

తెగినప్పటి సంగతి వేరు. అక్కడ వాళ్ళ భయం న్యాయమైనదే. కేబుల్ దెబ్బతిని భూమికి కరెంటు లీకైతే చాలా తక్కువ ఆంపియర్ల దగ్గరే సరఫరా ఆగిపోయేలా ఎర్త్ ఫాల్ట్ రిలే (లీకును పసిగట్టే పరికరం) పెట్టాలని, ఆగాక దానంతటది మళ్ళీ ఛార్జ్ అయ్యే ఆటో రీక్లోజింగ్ ఉండకూడదని షరతు పెట్టాం. పై తీగల లైన్లలో ఆటో రీక్లోజింగ్ మామూలే, కొమ్మ తగిలి పోయిందేమో అని మళ్ళీ ఇచ్చి చూస్తారు. నీళ్ళలో ఆ అలవాటు ప్రాణాంతకం.

ప్రయత్నించినవి, ఫలించనివి

సముద్ర కేబుళ్ళ పాఠం ఒకటి నాకు మొదటినుంచీ మనసులో ఉంది. నష్టం లోతు నీళ్ళలో తక్కువ, రెండు చివరల్లో ఎక్కువ. మధ్యధరా సముద్రంలో స్పెయిన్ ప్రధాన భూభాగం నుంచి మజోర్కా దీవికి 2011లో వేసిన డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) కేబుల్ కొన్నిచోట్ల 1,400 మీటర్లకు పైగా లోతులో పోతుంది. అక్కడ పెద్ద చర్చ ఆ లోతు గురించి జరగదు, తీరం దగ్గరి పోసిడోనియా అనే సముద్రపు గడ్డి మీద జరుగుతుంది. ఆ గడ్డి ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే పాకుతుంది. ఒకసారి కాలువ తవ్వితే ఆ గాటు దశాబ్దాల పాటు మానదు. మన దేశంలో ముంబయి దగ్గర ఎలిఫెంటా దీవికి 2018లో ఏడున్నర కిలోమీటర్ల కేబుల్‌తో కరెంటు ఇచ్చారు. ఆ తీరాల్లో మడ అడవులు, ఆటుపోట్ల బురద నేలలు ఉంటాయి. ఎక్కడైనా నీళ్ళూ నేలా కలిసే చోటే ప్రాణం ఎక్కువ, మనిషి పనీ ఎక్కువ.

జలాశయంలో ఆ చివర ఎక్కడ ఉంటుంది? సముద్రపు ఆటుపోటు రోజుకు కొన్ని మీటర్లు. జలాశయం నీళ్ళు నెలల తరబడి దిగుతాయి, దిగిన చోట నేల నెలల తరబడి ఎండుతుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వేసవికి నీళ్ళు ఎంత దిగుతాయంటే మునిగిన సంగమేశ్వరం గుడి బయటపడి పూజలు మొదలవుతాయి. మా జలాశయంలోనూ అంతే. నిండినప్పుడు నీళ్ళున్న చోట వేసవిలో శనగ కోతలు, దోసపాదులు. సంస్థ గీసిన తిన్నని గీతలో మూడో వంతు ఇలాంటి నేల గుండానే పోయింది. వాళ్ళ మ్యాప్ నిండిన జలాశయానిది.

సంస్థ మొదటి ఆలోచన వినడానికి బాగానే ఉంటుంది. ఎండాకాలంలో నీళ్ళు లేనప్పుడు జేసీబీతో మీటరు లోతు కాలువ తవ్వి, కేబుల్ వేసి పూడ్చేద్దాం, నీళ్ళలో బురద లేవదు, ఖర్చు తక్కువ. నాకు అనుమానం నేల మీద. అది నల్లరేగడి. అందుకని కేబుల్ లేకుండా కొద్ది పొడవు కాలువ తవ్వి, పూడ్చి, తొలి వానల దాకా చూద్దామని అడిగాం. ఒప్పుకున్నారు. అందుకు వాళ్ళను మెచ్చుకోవాలి.

మే నెలాఖరుకే పూడ్చిన మట్టికి రెండు పక్కలా నెర్రెలు విచ్చాయి. చేయి పెడితే మోచేతి దాకా దిగింది. కేబుల్ ఉండి ఉంటే నేల బిగిసినప్పుడల్లా లాగేది. ఎండిన నల్లరేగడి వేడిని బయటకు పోనివ్వదు కూడా. తడి నేలలో చల్లగా ఉండే కేబుల్ అక్కడ వేడెక్కుతుంది, ఆ వేడికి చుట్టూ మట్టి ఇంకా ఎండుతుంది. జర్మనీ తన సముద్ర జలాల్లో కేబుల్ వల్ల అడుగు నేలకు 20 సెంటీమీటర్ల లోతులో రెండు డిగ్రీలకు మించి వేడి పెరగకూడదన్న జాగ్రత్త పాటిస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండే సముద్రపు అడుగుకు వేసిన లెక్కలు మన ఎండు ఒడ్డుకు అలాగే వాడితే తప్పు దారి పడతాం.

తొలి వానకు అసలు సంగతి బయటపడింది. పూడ్చిన మట్టి గుల్లగా ఉండి జానెడు కుంగింది. చుట్టుపక్కల పొలాల నీళ్ళన్నీ ఆ కుంగిన గీతలోకి చేరి వాగులా పారాయి. ఒడ్డు నుంచి నీళ్ళలోకి టీ రంగు పాయ ఒకటి సాగింది, అదీ ఇన్‌టేక్ బావి ఉన్న దిక్కుకే. రుతుపవనాల తొలి నెలల్లో బొచ్చె లాంటి చేపల పిల్లలు పెరిగేది ఇలాంటి లోతు తక్కువ మూలల్లోనే. వేసవిలో ఆ బయటపడిన నేల మీదే గుంటలు చేసుకుని గుడ్లు పెట్టే పిట్టలు ఉన్నాయి. జేసీబీ తిరిగే నెలలూ అవే.

సంస్థ రెండో ప్రతిపాదన, జలాశయం నిండినప్పుడు బరువులు కట్టి కేబుల్‌ను అడుగున వదిలేయడం. తవ్వకం లేదు కాబట్టి బురద లేవదన్నది నిజమే. నీళ్ళు దిగాక అదే కేబుల్ పొలాల మధ్య నేల మీద పడి ఉంటుంది. నాగలికి తగలవచ్చు, రాగి కోసం ఎవరైనా కోయవచ్చు. నీళ్ళున్నప్పుడు వలల బరువులు చిక్కుకుంటాయి. ఇది కాగితం మీదే ఆగిపోయింది.

పనిచేసినది

దారి చూపించింది చేపలు పట్టే పెద్దాయనే. "సార్, మీరు చూస్తాండేది నిండు నీళ్ళు. మేం ఎండినప్పుడు కూడా చూసినోళ్ళం. గుట్ట కింద పాత ఊరి రోడ్డు అట్నే ఉండాది" అన్నాడు. పుట్టిలో తీసుకుపోయి వెదురు గడ దించాడు. ఒకచోట గడ బురదలోకి మెత్తగా రెండు మూరలు దిగిపోయింది. నాలుగు బారలు పక్కకు జరిగి దించితే టక్కున తగిలి ఆగింది. అది మునిగిన ఊరి గరుసు రోడ్డు కట్ట, గుట్ట వాలు మీదుగా పైకి పోతుంది. ఆ గడతోనే కట్ట పొడవునా గుర్తులు పెట్టుకుంటూ పోయాం. తర్వాత ఎకో సౌండర్‌తో (శబ్దంతో లోతు కొలిచే పరికరం) లోతులు కొలిస్తే ఆయన గుర్తులు సరిగ్గా సరిపోయాయి.

దాంతో దారి మారింది. గుట్ట వైపు చివర ఆ పాత రోడ్డు కట్ట మీదుగా. గరుసు నెర్రెలివ్వదు, వానకు కొట్టుకుపోదు, ఎవరూ దున్నరు. మధ్యలో పాత నది పాయ, ఎంత కరువు ఏడాదైనా నీళ్ళుండే చోటు. అక్కడ తవ్వకుండా అడుగు మీదే వదిలేశాం. మెత్తటి ఒండ్రులోకి దాని బరువుకు అదే దిగుతుంది. ప్రధాన ఒడ్డు వైపు, సంస్థ ఎంచుకున్న చదునైన ఒడ్డు వదిలేసి రాతి ఒడ్డుకు మారాం. మొత్తం పొడవు పెరిగింది. ఒడ్డు నిటారుగా ఉండడం వల్ల నీళ్ళు ఎంత దిగినా పెద్దగా వెనక్కి పోవు, ఎండే నేల కొద్ది గజాలే. ఆ కొద్ది గజాల కింద నేల తవ్వకుండా హెచ్‌డీడీ యంత్రంతో (నేల కింద అడ్డంగా తొలిచే యంత్రం) రంధ్రం వేసి, పైపు దూర్చి, అందులో కేబుల్ లాగారు. పూర్తి నీటిమట్టానికి పైన మొదలై, అతి తక్కువ నీటిమట్టానికి కింద బయటపడింది.

పొడవు పెరిగింది, డ్రిల్లింగ్ ఖర్చు వచ్చింది అని సంస్థ అభ్యంతరం చెప్పింది. ఇళ్ళ భారం సౌరానికి మార్చడం అక్కరకొచ్చింది ఇక్కడే. కేబుల్ సన్నబడింది. ఆ మిగులు డ్రిల్లింగ్ ఖర్చులో మంచి భాగం మోసింది. నూనె నింపిన పాత రకం కేబుళ్ళ మాట ఎత్తనివ్వలేదు. తాగునీటి జలాశయంలో కవచం ఉన్న ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్ (నూనె లేని, ప్లాస్టిక్ ఇన్సులేషన్ ఉన్నది) తప్ప వేరేది వద్దని రాశాం.

పని ఎప్పుడు చేయాలన్నది తేల్చడానికి చాలా చర్చ జరిగింది. వానాకాలం చేపలు గుడ్లు పెట్టే కాలం, వద్దు. వేసవి నేల మీద గూళ్ళ కాలం, వద్దు. శివరాత్రికి జనం పడవల్లో గుట్టకు వస్తారు. చివరికి సంక్రాంతి వెళ్ళగానే డ్రిల్లింగ్, శివరాత్రికి ముందే కేబుల్ నీళ్ళలోకి అని ఖాయం చేశాం. డ్రిల్లింగ్‌లో వాడే బెంటొనైట్ (ఒక రకం జిగురు బంకమట్టి) బురద పగుళ్ళ గుండా నీళ్ళలోకి చిమ్మే ప్రమాదం ఉంటుంది. విషం కాదు గానీ అడుగున పరుచుకుంటే చేపగుడ్లకు, చిన్న జీవులకు ఊపిరాడదు. అందుకని చివరి మీటర్లలో బెంటొనైట్ ఆపి ఉత్త నీళ్ళతో తొలిచారు. పైన పుట్టిలో ఒక మనిషి పాలరంగు మచ్చ కనబడుతుందేమోనని చూస్తూ కూర్చున్నాడు. పని జరిగే చోటికి, ఇన్‌టేక్ బావికి మధ్య నీటి మబ్బుతనం రోజూ కొలిచాం, తేడా పెరిగితే పని ఆపాలన్నది ఒప్పందం. కేబుల్ దించిన రోజు గుట్ట వైపు ఒకసారి ఆపాల్సి వచ్చింది, సాయంత్రానికి నీళ్ళు తేరుకున్నాయి.

ఇప్పుడు ఐస్ ప్లాంట్ కేబుల్ మీద నడుస్తోంది, జనరేటర్ అవసరానికి మాత్రమే ఉంది. కేబుల్ దారికి రెండు పక్కలా తేలే బుర్రలు కట్టారు, ఆ మధ్య లంగరు వేయరు. చేపల పట్టు వివరాలు అక్కడివాళ్ళే నోటుపుస్తకంలో రాస్తున్నారు. జెల్ల, వాలుగ విడిగా రాయమని అడిగాం. నీటిమట్టం ఏడాదికో రకంగా ఉండే చోట కొద్ది కాలపు లెక్కలతో కేబుల్ ప్రభావం తేల్చకూడదు. అందుకే ఆ రాత ఆపవద్దని మా చివరి నివేదికలో కోరాం.

ఈ కేసు తర్వాత నేను చేసే పనిలో మారినవి

నీళ్ళ కింద కేబుల్ అనగానే ఇప్పుడు మొదట అడిగేది గత కరువు ఏడాది మేలో తీసిన ఉపగ్రహ చిత్రం. నిండు జలాశయపు మ్యాప్ మీద గీత గీయనివ్వను. తర్వాత అడిగేది ఏసీనా డీసీనా అని. మన జలాశయాల్లో దూరాలు చిన్నవి, ఏసీ సరిపోతుంది. డీసీ అయితే తిరుగు ప్రవాహం దేని గుండా పోతుందన్నది పెద్ద ప్రశ్న. 1954లో స్వీడన్ గోట్లాండ్ దీవికి వేసిన తొలి వాణిజ్య డీసీ లైన్ ఒకే కేబుల్ వాడి, తిరుగు కరెంటును సముద్రపు నీళ్ళ గుండానే పంపింది. అలా పంపితే ఎలక్ట్రోడ్ దగ్గర క్లోరిన్ పుడుతుంది, చుట్టుపక్కల లోహపు పైపులు తుప్పు పడతాయి. ఆస్ట్రేలియాలో టాస్మానియాను కలిపే బాస్‌లింక్ 2006లో మొదలైనప్పుడు పర్యావరణ అభ్యంతరాల వల్ల తిరుగు ప్రవాహానికి విడిగా లోహపు తీగ వేశారు. మంచినీటి జలాశయంలో నీళ్ళ గుండా కరెంటు పంపే ఆలోచన ఎవరైనా తెస్తే మొదటి మీటింగ్‌లోనే ఆపేయాలి.

ఇంకొకటి, కేబుల్ ఆయుష్షు తీరాక ఏం చేయాలన్నది టెండర్‌లోనే ఉండాలి. లోతు భాగంలో ఒండ్రులో కూరుకుపోయిన ముక్కను పీకితే మళ్ళీ బురద లేస్తుంది, అక్కడ వదిలేయడమే మేలు కావచ్చు. రెండు చివర్లలో ఉన్నది మాత్రం తీసేయాలి. పైపులో వేశాం కాబట్టి రాతి ఒడ్డు వైపు కేబుల్‌ను మళ్ళీ తవ్వకుండానే లాగేయొచ్చు. ఈ షరతును, దాని ఖర్చుకు డిపాజిట్‌ను ఒప్పందంలో పెట్టించడానికి డ్రిల్లింగ్ కన్నా ఎక్కువ వాదించాల్సి వచ్చింది. చివరికి పెట్టారు.